రెండు స్లాబుల లెక్క: కొత్తగా కొన్న ఇంటి మీద సోలార్ పెట్టించాలా?

మన వైపు స్లాబు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి ఇంటి పైకప్పు. రెండోది కరెంటు బిల్లులో ఎన్ని యూనిట్లు దాటితే ఏ ధర పడుతుందో చెప్పే మెట్టు. నెల్లూరు వేదాయపాళెంలోనో, ఒంగోలు మంగమూరు రోడ్డులోనో కొత్తగా ఇల్లు కొని రిజిస్ట్రేషన్ ముగించుకున్న కుటుంబానికి గృహప్రవేశం నాటికే ఎవరో ఒకరు సోలార్ సలహా ఇస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చిన తరువాత ఈ సలహాలు పెరిగాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గాక ఇంకా పెరిగాయి. పెట్టించినవారిలో ఒకరు మూడేళ్లలో డబ్బు తిరిగి వస్తుందంటారు, మరొకరు పదేళ్లయినా రాదంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. తేడా వాళ్లు కొన్న ప్యానెళ్లలో కంటే వాళ్ల రెండు స్లాబుల్లోనే ఎక్కువగా ఉంటుంది.

కిలోవాటు, యూనిట్, నెట్ మీటర్: మూడు మాటల అర్థం

కిలోవాటు అనేది సామర్థ్యానికి కొలత, యూనిట్ అనేది వచ్చిన కరెంటుకు కొలత. మూడు కిలోవాట్ల సోలార్ అంటే, ప్రయోగశాల పరిస్థితుల్లో నిండు ఎండ పడితే ఒక్కసారిగా మూడు కిలోవాట్ల కరెంటు ఇవ్వగల ప్యానెళ్ల సమూహం అని అర్థం. పొద్దున, సాయంత్రం, మబ్బు, వాన అన్నీ కలుపుకొని మన ప్రాంతంలో ఒక కిలోవాటు నుంచి ఏడాదికి సుమారు 1,400 నుంచి 1,500 యూనిట్లు వస్తాయి. లెక్క సులువుగా ఉండేందుకు ఈ వ్యాసంలో కిలోవాటుకు నెలకు 120 యూనిట్లు అనుకుందాం.

ఇళ్ల మీద ఎక్కువగా పెడుతున్నది ఆన్‌గ్రిడ్ పద్ధతి. ఇందులో బ్యాటరీ ఉండదు. పగలు ప్యానెళ్లు ఇచ్చే కరెంటులో ఇంటికి కావలసినంత ఇల్లు వాడుకుంటుంది, మిగిలినది వీధి లైనులోకి పోతుంది, రాత్రికి కావలసినది మళ్లీ లైను నుంచే వస్తుంది. పోయినదాన్ని, వచ్చినదాన్ని రెంటినీ లెక్కించే మీటరే నెట్ మీటర్. నెలాఖరున వచ్చిన యూనిట్లలోంచి పోయిన యూనిట్లను తీసివేసి, మిగిలిన వాటికే బిల్లు వేస్తారు. పగలంతా ఆఫీసులో, బడిలో ఉండి రాత్రి ఏసీ వేసుకునే కుటుంబానికి కూడా సోలార్ గిట్టుబాటు కావడానికి కారణం ఈ తీసివేతే.

అయితే ఈ తీసివేత పైమెట్టు నుంచి మొదలవుతుంది. మిగతా లెక్కంతా ఈ ఒక్క సంగతి మీద నడుస్తుంది.

బిల్లులోని మెట్లు, వాటి మీద దిగే ప్యానెళ్లు

2022-23 టారిఫ్ ఉత్తర్వుతో ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి వచ్చిన ధరలే 2025-26లోనూ కొనసాగాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. ఎంత ఎక్కువ వాడినా కింది మెట్ల యూనిట్లకు కింది ధరే పడుతుంది, పైన వాడిన వాటికి మాత్రమే పైధర పడుతుంది. కిలోవాటుకు 10 రూపాయల స్థిర చార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. ఇక్కడ వాటిని పక్కన పెడదాం.

నెలకు 400 యూనిట్లు వాడే కుటుంబానికి ఈ లెక్కన యూనిట్ల చార్జీ 2,548 రూపాయలు అవుతుంది. ఆ ఇంటి మీద ఒక కిలోవాటు పెడితే వినియోగం 400 నుంచి 280కి దిగుతుంది. తగ్గిన 120 యూనిట్లూ 8.75 రూపాయల మెట్టులోవే కాబట్టి ఆదా 1,050 రూపాయలు. రెండో కిలోవాటు 280 నుంచి 160కి దింపుతుంది. అందులో 55 యూనిట్లు 8.75 ధరవి, 65 యూనిట్లు 6 రూపాయలవి, కాబట్టి ఆదా 871 రూపాయలు. మూడో కిలోవాటు 160 నుంచి 40కి దింపుతుంది. అప్పటికి ఖరీదైన యూనిట్లు అయిపోయి ఆరు, నాలుగున్నర, మూడు రూపాయల యూనిట్లే మిగిలి ఉంటాయి కనుక ఆదా 540 రూపాయలకు పడిపోతుంది. కరెంటు అంతే వచ్చింది, దాని విలువ మాత్రం దాదాపు సగమైంది.

ఇప్పుడు నెలకు 200 యూనిట్లు వాడే ఇంటిని చూద్దాం. దాని చార్జీ మొత్తం 867 రూపాయలు. మొదటి కిలోవాటు 652 రూపాయలు ఆదా చేస్తుంది. రెండో కిలోవాటుకు ఆదా చేయడానికి మిగిలింది 215 రూపాయలే, పైగా 40 యూనిట్లు మిగిలిపోయి లైనులోకి పోతాయి. మూడో కిలోవాటుకు ఆ ఇంట్లో పనే లేదు, దాని కరెంటంతా మిగులే. మిగులు యూనిట్లకు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, చెల్లించే ధర పైమెట్ల ధర కంటే చాలా తక్కువ.

నెలకు 550 యూనిట్లు వాడే ఇంటి చార్జీ 4,011 రూపాయలు. మూడు కిలోవాట్లు పెడితే ఆ ఇంటికి 3,204 రూపాయలు ఆదా అవుతుంది, మూడో కిలోవాటు కూడా 954 రూపాయలు సంపాదిస్తుంది. మూడేళ్లలో డబ్బు తిరిగొచ్చిందన్న మనిషి ఇలాంటి ఇంటివాడై ఉంటాడు.

రాయితీ కూడా మెట్లుగానే వస్తుంది

పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. మూడు కిలోవాట్లకైనా పది కిలోవాట్లకైనా రాయితీ 78,000 రూపాయలు దాటదు. ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవి అయితేనే ఇది వర్తిస్తుంది. సొమ్ము ముందుగా రాదు. పని పూర్తయి, నెట్ మీటర్ బిగించి, తనిఖీ ముగిశాక వినియోగదారుడి ఖాతాలో పడుతుంది. అంటే మొదట మొత్తం ధరను చేతిలో గానీ అప్పుగా గానీ సిద్ధం చేసుకోవాలి. పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు ఉంది. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టే ఏర్పాటు, బీసీ కుటుంబాలకు కేంద్ర రాయితీ మీద 20,000 రూపాయల వరకు అదనపు రాయితీ ప్రకటించారు కనుక, ఆ కుటుంబాల లెక్క కింది లెక్క కంటే తేలికగా ఉంటుంది.

ఉదాహరణ కోసం ఒక కిలోవాటు ధర 70,000, రెండింటికి 1,30,000, మూడింటికి 1,95,000 రూపాయలు అనుకుందాం. రాయితీ పోగా వరుసగా 40,000, 70,000, 1,17,000 అవుతాయి. అంటే మొదటి కిలోవాటుకు మన జేబులోంచి 40,000, రెండోదానికి అదనంగా 30,000, మూడోదానికి అదనంగా 47,000. రాయితీ తగ్గే చోట ఖర్చు పెరుగుతోంది, అదే చోట 400 యూనిట్ల ఇంటికి ఆదా కూడా తగ్గుతోంది.

ఆ ఇంటికి మొదటి కిలోవాటు పెట్టుబడి సుమారు మూడేళ్ల రెండు నెలల్లో, రెండోది మూడేళ్లలోపే తిరిగి వస్తాయి. మూడోదానికి ఏడేళ్లు దాటుతుంది. మూడింటినీ కలిపి చూస్తే నాలుగేళ్లలో తిరిగి వచ్చినట్టు కనిపిస్తుంది, అమ్మేవాళ్లు చెప్పేది ఈ కలిపిన అంకెనే. 200 యూనిట్ల ఇంట్లో ఒక కిలోవాటు అయిదేళ్లు, రెండు కిలోవాట్లు ఆరేడేళ్లు తీసుకుంటాయి. మూడు కిలోవాట్లు పెడితే, మిగులుకు వచ్చే కొద్దిపాటి సొమ్మును లెక్కలోకి తీసుకోకపోతే, పదకొండేళ్లు. 550 యూనిట్ల ఇంట్లో మూడు కిలోవాట్లకు మూడేళ్లే. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి కాబట్టి పదకొండేళ్లు కూడా నష్టం కాదని ఒక వాదన ఉంది. అది తప్పేమీ కాదు, కానీ ఆ డబ్బు ఆ పదకొండేళ్లూ ఇంకెక్కడైనా వడ్డీ తెచ్చేదన్న సంగతిని వదిలేస్తుంది. పైగా ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ వారంటీ సాధారణంగా అయిదు నుంచి పదేళ్లే కనుక, మధ్యలో ఒకసారి దాన్ని మార్చే ఖర్చు తగలవచ్చు.

ఇక్కడే ఒక మాట. అయిదు పాత ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లది, రోజుకు పదిహేను గంటలు తిరిగే ఇంట్లో వాటి స్థానంలో తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే నెలకు నూరు యూనిట్లు తగ్గుతాయి. ఫ్యాను మూడు వేలనుకున్నా ఖర్చు 15,000 రూపాయలు. ఇది దాదాపు ఒక కిలోవాటు సోలార్ చేసే పనిని మూడో వంతు కంటే కాస్త ఎక్కువ ఖర్చుతో చేస్తుంది. కొత్త ఇంట్లో ఫ్యాన్లు ఎలాగూ కొనాలి కనుక సోలార్ సైజు తేల్చే ముందు ఈ సంగతి తేల్చుకోవడం నయం.

పాత బిల్లులు ఎవరివి?

సొంత ఇంట్లో పదేళ్లుగా ఉంటున్నవారికి పై లెక్క సులభం. పన్నెండు నెలల బిల్లులు తీసి చూసుకుంటే చాలు. కొత్తగా ఇల్లు కొన్నవారి చిక్కు వేరు. సర్వీసు నంబరు ఉంటే డిస్కం వెబ్‌సైటులో పాత బిల్లులు కనిపిస్తాయి గానీ, అవి అమ్మినవారి జీవితానికి సంబంధించినవి. పిల్లలు హైదరాబాదులో, తల్లిదండ్రులిద్దరే ఇంట్లో ఉండి నెలకు 150 యూనిట్లు వాడిన ఇంట్లోకి ఇద్దరు బడిపిల్లలతో, మూడు ఏసీలతో ఒక కుటుంబం దిగితే ఆ బిల్లులు ఏమీ చెప్పవు. ఇంతకుముందు తాము ఉన్న అద్దె ఇంటి బిల్లులే ఇంతకంటే మంచి ఆధారం. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, అలవాట్లు అవే కదా. వాటికి కొత్తగా వచ్చేవి కలుపుకోవాలి. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తీసుకుంటుందనుకుంటే, రాత్రి ఎనిమిది గంటల చొప్పున నెలకు 240 యూనిట్లు. అద్దె ఇంట్లో మోటారు యజమాని మీటరు మీద నడిచి ఉంటే, ఇప్పుడు అదీ మన మీటరు మీదికే వస్తుంది.

మన పట్టణాల్లో ఇంకో చిక్కు తరచుగా ఎదురవుతుంది. కింద యజమాని, పైన అద్దె వాటా, రెండు మీటర్లు ఉండే ఇళ్లు మాగుంట లేఅవుట్ మొదలుకొని లాయర్‌పేట దాకా ఎన్నో. ఇంటి మొత్తం వాడకం 400 యూనిట్లే అయినా, రెండు మీటర్ల మీద చెరి 200గా చీలితే చార్జీ 867 చొప్పున 1,734 రూపాయలే, అదే ఒక మీటరైతే 2,548. రెండు మీటర్లు పెట్టించుకోవడం వల్ల ఖరీదైన మెట్టు అసలు రాలేదన్నమాట. సోలార్ ఒక సర్వీసుకే కలుస్తుంది కాబట్టి ఈ ఇంటిని 400 యూనిట్ల ఇల్లుగా కాక, 200 యూనిట్ల ఇల్లుగానే చూడాలి. 1,17,000 రూపాయలు పెట్టి మూడు కిలోవాట్లు వేయించుకొని నిరాశపడేవారిలో ఇలాంటివారు ఉంటారు.

ఇల్లు కొన్నాక ఒక వేసవి గడిచేదాకా ఆగి, సొంత బిల్లులు చూసి నిర్ణయించాలన్న సలహా వినిపిస్తుంది. దానికి పోటీగా, ఆగిన ప్రతి నెలా పైమెట్టు చార్జీ కడుతున్నట్టేనన్న వాదన ఉంది. నెలకు 400 దాటడం ఖాయమని తెలిసిన ఇంటికి రెండో వాదన సరిపోతుంది. 200, 300 మధ్య ఊగుతున్న ఇంటికి మొదటిదే మేలని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఆగినందుకు ఏడాదికి పోయేది పది పదిహేను వేలు, తప్పు సైజు పెడితే ఇరుక్కునేది అంతకు మూడు నాలుగు రెట్లు. మధ్యేమార్గంగా ఇన్వర్టర్ కాస్త పెద్దది పెట్టి, రెండు కిలోవాట్లతో మొదలుపెట్టేవారూ ఉన్నారు. అయితే తరువాత కలిపే మూడో కిలోవాటుకు ఆ 18,000 వస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

సగటు అనే మాయ

ఇప్పటిదాకా నెలనెలా వాడకం ఒకేలా ఉంటుందనుకున్నాం. నెల్లూరు ఎండ తెలిసినవారెవరూ దీన్ని నమ్మరు. ఏడాదికి 4,800 యూనిట్లు, అంటే నెలకు సగటున 400 వాడే ఇల్లే, మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలు 700 చొప్పున, మిగతా ఎనిమిది నెలలు 250 చొప్పున వాడుతుందనుకుందాం. మూడు కిలోవాట్లు నెలకు 360 ఇస్తే, ఆ ఎనిమిది నెలల్లో 250 పోగా నెలకు 110 యూనిట్లు మిగులుతాయి. వేసవిలో 340 తక్కువ పడతాయి. ఏ నెల మిగులు ఆ నెలతోనే పోతుందనుకుంటే ఏడాది ఆదా సుమారు 23,700 రూపాయలు. మిగిలిన 880 యూనిట్లూ వేసవికి జమపడి అక్కడ తీసివేయబడితే ఆదా 30,200. వాడకం సమంగా ఉన్న ఇంట్లో ఇది 29,500. ఆరున్నర వేల తేడా ప్యానెళ్ల వల్ల రాలేదు, మిగులు యూనిట్లను ఎన్నాళ్లు ముందుకు మోసుకుపోనిస్తారు, లెక్క ఏ నెలలో మూసేస్తారు అన్న నిబంధన వల్ల వచ్చింది.

లెక్క మార్చి ఆఖరున మూస్తే, వానాకాలం, చలికాలం దాచుకున్న యూనిట్లలో చాలా భాగం సరిగ్గా ఏసీలు మొదలయ్యే ముందు తక్కువ ధరకు అమ్ముడుపోతుంది. జూన్ తరువాత మూస్తే అవే యూనిట్లు ఎక్కువగా 8.75, 6 రూపాయల మెట్ల చార్జీని తప్పిస్తాయి. నెట్ మీటరింగ్ నిబంధనలను రూపొందించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ), అమలు చేసేవి డిస్కంలు. నెల్లూరు తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ పరిధిలోది, ఒంగోలు విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్ పరిధిలోది. ఒప్పందపత్రం మీద సంతకం పెట్టేముందు మిగులు యూనిట్ల సర్దుబాటు గురించి అందులో రాసిన పేరాను చదవడం, ప్యానెల్ బ్రాండు గురించి వాదించడం కంటే ఎక్కువ విలువైన పని.

పైనున్న స్లాబు: నైరుతి ట్యాంకు, వదిలేసిన పిల్లర్లు

కిలోవాటుకు సుమారు నూరు చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. ఇప్పుడు వస్తున్న 540, 550 వాట్ల ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు, ముప్ఫై కిలోల లోపు బరువు ఉంటుంది. మూడు కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు సరిపోతాయి. వాటి బరువు వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు బరువులో అయిదో వంతు కూడా ఉండదు కనుక, స్లాబు ఆగుతుందా అన్న భయానికి పెద్దగా ఆధారం లేదు. అసలు ప్రశ్న నీడ.

ఒకే వరుసలో కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడితే, దాని ప్రభావం మొత్తం వరుస మీద పడుతుంది. మన ఇళ్లలో వాస్తు ప్రకారం ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలో పెడతారు. మెట్ల గది కూడా చాలా ఇళ్లలో దక్షిణానికో పడమరకో వస్తుంది. ప్యానెళ్లు దక్షిణం వైపు తిరిగి ఉండాలి. చలికాలంలో మధ్యాహ్నం తరువాత సూర్యుడు ఉండేది సరిగ్గా నైరుతిలోనే. డిసెంబరు 21 ప్రాంతంలో నెల్లూరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు పది అడుగుల ఎత్తున్న ట్యాంకు దిమ్మె ఉత్తరం వైపు ఎనిమిది అడుగుల నీడ పరుస్తుంది, మూడు గంటలకు ఆ నీడ ఈశాన్యం వైపు ఇంకా సాగుతుంది. అందుకే వేసవిలో ఇల్లు చూసి సోలార్ చోటు నిర్ణయించేవారు పొరబడతారు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడుమ దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, అప్పుడు ట్యాంకు నీడ మరోవైపు పడుతుంది. పక్క స్థలం ఖాళీగా ఉంటే, అక్కడ రేపు మూడంతస్తులు లేస్తే ఏమవుతుందో కూడా చూసుకోవాలి. కొత్త లేఅవుట్లలో ఇది ఊహ కాదు, ఒకటి రెండేళ్ల మాట.

పైన ఇనుప కడ్డీలు బయటికి వదిలేసిన పిల్లర్లతో ఉన్న ఇల్లు కొన్నవారికి ఇంకో నిర్ణయం ముందు తేలాలి. రెండు మూడేళ్లలో పై అంతస్తు వేసే ఆలోచన ఉంటే, ప్యానెళ్లు విప్పి, దాచి, మళ్లీ బిగించే ఖర్చు ఆదాలో కొంత భాగాన్ని తినేస్తుంది. స్లాబులో బోల్టులు దిగగొట్టే పని జరిగాక కారిన చుక్కకు ఎవరు బాధ్యులన్నది కూడా ముందే రాతలో ఉండాలి. కొత్త ఇంటి స్లాబుకు బిల్డరు ఇచ్చిన లీకేజీ హామీ, సోలార్ వాళ్లు రంధ్రాలు చేసిన రోజుతోనే వివాదంగా మారే వీలుంది.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందా?

వెలుతురు ఎక్కువైతే వస్తుంది, వేడి ఎక్కువైతే తగ్గుతుంది. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మే నెలలో ప్యానెల్ ఒంటి వేడి 65 డిగ్రీలకు చేరితే 14 శాతం పోయినట్టే. ప్యానెళ్లను స్లాబుకు అతికించినట్టు కాక, గాలి ఆడేలా ఎత్తులో పెట్టమనడానికి ఇది ఒక కారణం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో నెల్లూరు తీరం మబ్బుల్లో ఉంటుంది, ఆ నెలల్లో కిలోవాటుకు 120 యూనిట్లు రావు.

ఎత్తుగా పెడితే గాలి పట్టు కూడా పెరుగుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు, ప్రకాశం తీరం వెంబడే సాగి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి తీరంలో ప్యానెల్ నాణ్యత కంటే కింది చట్రం, దాని దిమ్మెలు, బోల్టులు ముఖ్యం. ఏడడుగుల ఎత్తున పందిరిలా వేయించుకుంటే కింద నీడా, బట్టలు ఆరేసుకునే చోటూ మిగులుతాయి గానీ, ఆ పందిరి తుపాను గాలికి నిలిచేలా ఉండాలంటే ఖర్చు పెరుగుతుంది. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. వేడి జింకులో ముంచి తీసిన గాల్వనైజ్డ్ చట్రం, స్టెయిన్‌లెస్ బోల్టులు, ఐఈసీ 61701 అనే ఉప్పుగాలి పరీక్షకు నిలిచిన ప్యానెళ్లు అక్కడ అనవసరపు హంగులు కావు.

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పొడి, పొదిలి, కనిగిరి వైపు మెట్టభూముల దుమ్ము వేరే సమస్య. అక్కడ పదిహేను రోజులకోసారి కడగాల్సి రావచ్చు, ఆ కడగడం కూడా ఉప్పు, సున్నం ఎక్కువున్న బోరు నీటితో చేసి ఆరబెడితే గాజు మీద తెల్లని పొర కడుతుంది.

కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగుతుంది?

ఇల్లు కొని సోలార్ పెట్టించిన వారిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదే. నడి ఎండలో వీధి కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. ఇది లోపం కాదు. లైను బాగుచేయడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగలకూడదని ఇన్వర్టర్‌ను అలా తయారు చేస్తారు. కోతల నుంచి విముక్తి కోసం సోలార్ అనుకునేవారికి బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ పద్ధతి కావాలి. దాని ధర బాగా ఎక్కువ, రాయితీ మాత్రం బ్యాటరీ ఉన్నందుకు పెరగదు. ఇంట్లో ఇప్పటికే మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ ఉన్నవారు రెండు గంటల కోతకు దానితోనే సరిపెట్టుకుంటున్నారు. తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు రాని పల్లెల్లో బ్యాటరీ వాదనకు బలం ఉంది, నెల్లూరు నగరం నడిబొడ్డున అంత లేదు.

పేరు మారని మీటరు, ఉమ్మడి మేడ

పథకానికి దరఖాస్తు చేయాల్సింది కరెంటు సర్వీసు ఎవరి పేరు మీద ఉందో వారు. ఇల్లు రిజిస్ట్రేషన్ అయినా సర్వీసు పాత యజమాని పేరు మీదే ఏళ్ల తరబడి నడిచిపోవడం మనకు అలవాటు. సోలార్ దగ్గర ఆ అలవాటు అడ్డుపడుతుంది. సేల్ డీడ్‌తో పేరు మార్పు చేయించుకోవడం మొదటి పని. పాత యజమాని ఆ సర్వీసు మీద ఇప్పటికే రాయితీ తీసుకొని ఉంటే అదే సామర్థ్యానికి మళ్లీ రాదు. మంజూరైన లోడు తక్కువగా ఉందని మాత్రం జంకనక్కరలేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక అధ్యయనం లేకుండానే ఆమోదం లభించినట్టు భావిస్తారు, అవసరమైన లోడు పెంపును డిస్కమే చేస్తుంది. లోడు పెరిగితే స్థిర చార్జీ కాస్త పెరుగుతుంది. రెండు లక్షల లోపు అప్పును పూచీకత్తు లేకుండా, రెపో రేటుకు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటుకు) అర శాతం కలిపిన వడ్డీకి ప్రభుత్వ బ్యాంకులు ఇస్తున్నాయి.

ఫ్లాటు కొన్నవారి సంగతి వేరు. అపార్టుమెంటు పైకప్పు అందరిదీ. ఒకరి ప్యానెళ్లకు తక్కినవారి అనుమతి కావాలి. లిఫ్టు, మోటారు, వరండా దీపాల కోసం అసోసియేషన్ పెట్టించుకుంటే కిలోవాటుకు 18,000 రూపాయల చొప్పున రాయితీ ఉంది. నెల నెలా నిర్వహణ సొమ్ము తగ్గడం తప్ప ఫ్లాటు యజమాని సొంత బిల్లులో దానివల్ల మార్పు కనబడదు.

డిస్కంల వైపు నుంచి చూస్తే

నెట్ మీటరింగ్ మీద డిస్కంలకు ఒక ఫిర్యాదు ఉంది, దాన్ని తీసిపారేయలేము. సోలార్ పెట్టిన ఇల్లు పగలు మిగులు కరెంటును లైనులో వేసి, రాత్రి అంతే కరెంటును ఉచితంగా తీసుకుంటుంది. లైనును జీతం లేని బ్యాటరీగా వాడుకుంటోందని వారి మాట. పైగా సోలార్ ముందుగా పెట్టుకునేది 400 యూనిట్లు దాటేవారే. కింది మెట్ల వారికి తక్కువ ధర ఇవ్వగలిగేది ఈ పైమెట్టు వారి చార్జీల వల్లనే. వారు తప్పుకుంటే స్తంభాల, తీగల ఖర్చు మిగిలిన వారి మీద పడుతుంది. దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. మేడ మీది కరెంటు పుట్టిన చోటే, పక్కింట్లోనే వాడకమైపోతుంది కనుక లైను నష్టాలు తగ్గుతాయి, దూరం నుంచి తెచ్చే కరెంటు కొంత తప్పుతుంది.

ఈ వాదన ఎటు తేలినా ధరల మీద ప్రభావం ఉంటుంది. 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, స్మార్ట్ మీటర్లు వచ్చాక పగటి ఎండ వేళల్లో కరెంటు ధర మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువగా ఉండాలని చెప్పాయి. పగటి యూనిట్ విలువ అలా అయిదో వంతు తగ్గిందనుకుంటే, నెలకు 400 యూనిట్లు సమంగా వాడే ఇంటి ఏడాది ఆదా 29,500 నుంచి 23,600కు దిగి, మూడు కిలోవాట్ల పెట్టుబడి నాలుగేళ్లకు బదులు అయిదేళ్లలో తిరిగి వస్తుంది. రెండు కిలోవాట్లు పెట్టిన 200 యూనిట్ల ఇంటికి ఆరేడేళ్లు కాస్తా ఎనిమిదిన్నర అవుతాయి, అంటే ఇన్వర్టర్ వారంటీ గడువు దగ్గరికి వస్తుంది.